బిగించని పట్టీలు

"ఆగు వదినా. ఆ బ్యాగు నీ వీపు మీద లేదు, ఇంకా కిందెక్కడో ఊగుతోంది," అంది ఆడపడుచు, కొండదారి మొదటి మలుపులోనే.

"మొదటిసారి కదా, అలవాటవుతుందిలే."

"అలవాటయ్యేది నడుంనొప్పి. అన్నయ్య ఆరడుగుల మనిషి. ఆయన పోయాక ఈ పట్టీలు బిగించనే లేదా?"

వదిన రాయి మీద కూలబడి భుజాలు నిమురుకుంది.

"బిగిస్తే ఆయన కొలత పోతుందే. ఇంట్లో ఆయన వదిలినట్టే మిగిలింది ఇదొక్కటే."

"అలాగైతే మంచం మీద ఆయన పడేసిన తడి తువ్వాలు కూడా ఉంచాల్సింది."

"వారం ఉంచాను."

"వాసన రాలేదూ?"

"వచ్చింది. ఉతికేశాను."

ఇద్దరికీ నవ్వాగలేదు.

"ఆయన రోజూ ఊదరగొట్టిన శిఖరం చూస్తావా, ఇటునుంచి ఇటే ఇంటికి పోదామా?"

వదిన ఒక భుజం ఆమె వైపు తిప్పింది. ఆడపడుచు ఒక పట్టీ పట్టుకుని లాగింది. బకిల్ జరిగింది. ఏళ్ళ తరబడి అది కూర్చున్న చోట పట్టీ మీద లోతుగా ఒక ముడత కనిపించింది. వదిన వేలితో గట్టిగా రుద్దింది. పోలేదు.

"రెండోది వదిలెయ్," అంది లేస్తూ. "అది నేను బిగించుకుంటాను."