ఉత్తుత్తి ఇంటర్వ్యూ

మొగుడి మేనల్లుడు గ్యిమా గుమ్మంలో కనబడగానే పోమాకి ఒళ్లు మండింది. తన మొగుడి సమాధి మీద మట్టి ఆరకముందే, ఆనవాయితీ ప్రకారం తోట మేనల్లుడిదే గానీ కూతురిది కాదని పంచాయితీ పెట్టించిన ఘనుడు వీడే. బతికుండగానే తండ్రి కూతురికిచ్చేశాడని పెద్దలు తేల్చి పంపినా మళ్లీ వచ్చాడు. వెంట ఆ పెద్దల్లోనే ఇద్దరు ముసలాళ్లు.

“అత్తా, అయ్యిందేదో అయ్యింది. ఎల్లుండి కుమాసి పట్నంలో పిల్లకి డాక్టరు సీటు ఇంటర్వ్యూ కదా. బడిపంతుల్ని, ఆమాత్రం తర్ఫీదివ్వలేనా? అక్కడ ఎదురుగా పెద్దవాళ్లు కూర్చుంటారు. భయం పోతుందని తాతల్ని తీసుకొచ్చా.”

“నోట్లో చక్కెర, కడుపులో కత్తెర” అని గొణిగింది పోమా. కానీ సీటు రావాలి. వస్తే చదివించేది ఆ తోటే. నోరు మూసుకుని ఫుఫు ముద్దకి దుంపలు దంచడానికి పెరట్లోకి పోయింది.

అఫ్రియె నల్లబట్టల్లో బల్లమీద కూర్చుంది. తండ్రి పోయినప్పటినుంచీ ఆ పిల్లకి ఏడుపూ లేదు, ఆకలీ లేదు. అడిగితే బదులు చెబుతుంది, అంతే.

“డాక్టరు ఎందుకవుతావు?”

“రోగుల కోసం.”

“శవానికి చెప్పినట్టు చెప్పకే తల్లీ! సరే, ఆస్తి ఉందా?”

“నాన్న తోట ఇచ్చాడు.”

“కొంప ముంచావు! తోట ఉన్నదానికి ఫీజు మాఫీ ఎవడు చేస్తాడు? మా బావ గ్యిమాకి ఇచ్చేశానని చెప్పు.”

“అబద్ధం కదా బావా?”

“ఇదేమైనా నిజం ఇంటర్వ్యూనా? అను.”

“మా బావకి ఇచ్చేశాను.”

“గట్టిగా. తాతలకి వినబడాలి. పేరుతో సహా.”

“మా నాన్న నాకిచ్చిన కోకో తోట మొత్తం మా బావ గ్యిమాకి ఇచ్చేశాను.”

“విన్నాం” అన్నారు ముసలాళ్లు.

గ్యిమా సంచిలోంచి జిన్ను సీసా తీసి రెండు గ్లాసుల్లో పోశాడు. పెరట్లోంచి చూసిన పోమా రోకలి పారేసి, “తాగకండి తాతా!” అంటూ పరుగెత్తుకొచ్చింది. అప్పటికే వాళ్లు మూతులు తుడుచుకుంటున్నారు. ఆ ఊరి ఆచారంలో, భూమి పుచ్చుకున్నవాడు పోసిన మందు సాక్షుల గొంతు దిగిందంటే, దేవుడు దిగొచ్చినా ఆ ఇవ్వడానికి తిరుగులేదు.

“తర్వాత ప్రశ్నేంటి బావా?” అంది అఫ్రియె, మొహంలో ఏ మార్పూ లేకుండా.

గ్యిమా లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. ఇప్పుడతనిది పదకొండెకరాల కోకో తోట.