ఎత్తుకోని నానమ్మ

"అత్తయ్యా, ఇదిగో మీ మనవరాలు!"

ఉన్హే పాపను అందించబోయింది. అత్తగారు చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మం దాకా జరిగిపోయింది.

"వద్దు. నీ దగ్గరే ఉండనీ."

ఆ రోజు పాపకు నూరోరోజు పండుగ. పెళ్లిలో చూడడమే తప్ప ఉన్హేకి అత్తగారు కొత్త మనిషే. మొక్‌పో నుంచి ఆమె సోల్‌లోని తమ ఇంటికి వస్తోందని, పాపకు పట్టుబట్టలు తొడిగి పొద్దుటి నుంచీ ఎదురుచూసింది.

"లోపలికొచ్చి కూర్చోండి. నాచు చారు కాచాను."

"ఆకలి లేదమ్మాయ్. పనుంది, వెళ్లాలి."

పాపను ఓసారి తేరిపార చూసి, కుంటుకుంటూ మెట్లు దిగిపోయింది.

పక్కింటావిడ బియ్యప్పిండి రొట్టె నములుతూ అంది. "మగపిల్లాడైతే చంకనేసుకుని వీధంతా ఊరేగేది! ఆడపిల్లేగా."

ఇరుగుపొరుగుకు రొట్టెలు పంచి భర్త తేసిక్ వచ్చేసరికి ఉన్హే ఏడుస్తోంది.

"మీ అమ్మ నా బిడ్డను ముట్టుకోలేదు!"

"అమ్మ అలాంటిది కాదే."

"చూసింది నేనా, మీరా?"

తర్వాత అత్తగారు ఎప్పుడు ఫోన్ చేసినా, "పాప నిద్రపోతోంది" అని ఉన్హే పెట్టేసేది.

చలికాలం రాకముందే సోల్‌లోని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఇద్దరూ పరుగెత్తారు. అప్పటికే అత్తగారు పోయింది.

డాక్టరు ఫిల్మును వెలుగుకు ఎత్తిపట్టాడు.

"తొడ కండలో గడ్డ. ఊపిరితిత్తులకు పాకింది."

"మాతో ఒక్క మాటైనా అనలేదే!" అన్నాడు తేసిక్.

"పాప పండుగనాడు జబ్బు పేరెత్తకూడదన్నారు. తర్వాత ఫోన్‌లో చెబుతానన్నారు."

ఉన్హే తల వంచుకుంది. ఫిల్ము మీది నల్లమచ్చ చూపించి అడిగింది.

"ఇదేమిటి?"

"గేలియం సూది వేస్తే ఆ మందు గడ్డ ఉన్నచోట పోగవుతుందమ్మా. కొన్నాళ్లు ఒంట్లోంచి కిరణాలు వస్తుంటాయి. పసిపిల్లల్ని ఎత్తుకోవద్దని చెప్పాం."

"సూది ఎప్పుడు వేశారు?"

"మీ ఇంటికొచ్చిన రోజు పొద్దున్నే, ఇక్కడే. ఆ మందు రోజూ రాదు. రెండు రోజులాగి ఫొటో తీశాం."



డాక్టరు ఫిల్ము దించాడు.

"ఇది రెండుసార్లు తీయాల్సివచ్చింది. కదలొద్దంటే వినరే! 'దాని ముక్కు అచ్చం నాదే డాక్టరుగారూ' అంటూ పడుకున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారావిడ."