కిటికీ దగ్గర బేరం

ఆ కాలానికి ఇళ్లు కొనే డ్రోన్లు కాకుల్లా కిటికీల మీద వాలుతున్నాయి. గుణదల కొండవాలులో ఉండే నర్సు సువార్తమ్మ చపాతీలు ఒత్తుతుండగా ఒకటి వచ్చింది.

"ఈ ఇంటికి అరవై లక్షలు, మొత్తం నగదు. పది నిమిషాల్లో వేలిముద్ర వేయండి మేడమ్."

భర్త ఏసోబు ఆశపడ్డాడు. "ఒప్పుకుందాం. రేపు ఇదీ రాదేమో."

ఆమె పలకకుండా చపాతీ ఒత్తుతూనే ఉంది. డ్రోన్ డెబ్బై అంది. కాసేపాగి ఎనభై అంది.

"చూశారా? నేను నోరు మెదపకుండానే ఇరవై లక్షలు పెరిగాయి. మొదటి మాట అబద్ధమేగా!" అని ఆమె డ్రోన్ వైపు తిరిగింది. "కొనేదెవరు? పేరు చెప్పు."

"ఆ వివరం ఇవ్వలేం మేడమ్."

"పేరు చెప్పనోళ్లకి ఇల్లెలా ఇస్తాం? పో!"

కిటికీ మూసి, పిండి చేతులతోనే బయటికి పరుగెత్తింది. మిగతా ఇళ్ల కిటికీల మీదా డ్రోన్లు వాలి ఉన్నాయి. పది నిమిషాల గడువు ముగిసేలోపు వీధిలోని పదకొండు తలుపులూ తట్టి, పేరు చెప్పనోళ్లకి ఇల్లు అమ్మొద్దని చెప్పింది. ఆ పూట ఎవరూ వేలిముద్ర వేయలేదు.