ఆవిడ కూర్చున్న సోఫా

పగలు సోఫా, రాత్రి మంచం.

ఒంటి గది అద్దె కొంపకి అంతకంటే దారి లేదని యమున ఏడాదిగా మొగుడి చెవిలో జోరీగలా పోరుతోంది. చివరికి వినోద్ దారికొచ్చాడు.

నరసన్నపేట ఫర్నిచర్ షాపులో అప్పుడే కొత్త లోడు దిగింది. రెండేళ్ల పాపను చంకనేసుకుని లోపలికి అడుగుపెట్టిన యమున కళ్లు ఒక చెక్క ఫ్రేము సోఫా మీద పడ్డాయి. నున్నటి చేతులు, తేనె రంగు. చూడగానే మనసు పారేసుకుంది.

అయితే దాని మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

నుదుట బొట్టు లేదు. మెడలో సూత్రం లేదు. చేతి గోళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఒక వేలికి గుడ్డ చుట్టి ఉంది.

కొత్త మంచం మీద ముందుగా ముత్తైదువ కూర్చోవాలి. పుట్టింట్లోనూ అదే మాట, అత్తింట్లోనూ అదే మాట.

"బావా, ఇది మనకొద్దు."

"ఏటి, నచ్చినాదన్నావు కదేటి?"

"నచ్చితే మాత్రం? ఆవిడ కూకున్నాది, కనిపించట్లేదేటి నీకు?"

అమ్మకాలు చూసే సోములు దగ్గరికొచ్చాడు. "అమ్మా, సంటిపిల్లున్న ఇంటికి అదే మంచిది..."

"ఆ మంచేదో నీకాడే ఉంచుకో. ఎవలూ కూకోనిది సూపించు."

బేరం పోతుందని సోములు నోరు మూసుకున్నాడు. ఇనుప ఫ్రేము సోఫా ఒకటి చూపించాడు. వీపు పట్టుకుని ఒక్కసారి వాల్చితే టప్పున మంచమైపోయింది. వినోద్‌కి భలే ముచ్చటేసింది.

ఆవిడ లేచి గబగబా వచ్చింది.

"అదొద్దు తల్లీ. పాపున్నాది కదా. నాను కూకున్నదే పట్టుకెల్లు." అంటూ పాప బుగ్గ నిమరబోయింది.

యమున పాపను చటుక్కున రెండో చంకకి మార్చుకుంది. "సెయ్యెట్టకు!"

"కాదమ్మా, ఆ మడతకాడ సూడు..."

"నీకెందుకు? ఎల్లెల్లు, ముందు ఇక్కడినుంచి ఎల్లు!"

ఆవిడ మొహం చిన్నబోయింది. వెళ్లి మళ్లీ ఆ చెక్క ఫ్రేము మీదే కూర్చుంది.

ఎంత మొండి మనిషో అనుకుని యమున మొహం తిప్పుకుంది.

ఇనుప సోఫా ఇంటికొచ్చింది. యమున దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, పక్కింటి పద్మకుమారిని పిలిచి ముందుగా ఆవిడనే కూర్చోబెట్టింది. ఇక ఏ కీడూ రాదని నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది.

నెల తిరగలేదు.

పొద్దున్నే యమున దుప్పటి దులిపి, మంచాన్ని ఎప్పటిలాగే ఒక్క తోపు తోసి మడిచింది. అవతలి వైపు నేల మీద కూర్చుని, సందులో పడిన బొమ్మ కోసం పాప చెయ్యి పెట్టిన సంగతి చూసుకోలేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో పాప కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు.

సంగతి తెలిసి సోములు వచ్చాడు. వరండాలో యమున గోడకు తల కొట్టుకుని ఏడుస్తోంది. వినోద్ ఆమెను పట్టుకోలేకపోతున్నాడు.

"ఆ పాపిస్టిది!" అతన్ని చూడగానే అరిచింది. "నా బిడ్డ మీద కల్లెట్టినాది. దాని కల్లే తగిలినాయి! ఎవలది? ఎందుకు రానిత్తారు దాన్ని షాపుకి?"

సోములు తలెత్తలేదు.

"ఆవిడ మా ఓనరు గారి అక్కమ్మా. మడత సోఫాలో మెడ ఇరుక్కుని మనవడు పోయినకాడినుంచి, లోడొచ్చినప్పుడల్లా ఒక్కో సోఫా సందులో తన వేళ్లే ఎట్టి మడతేసి సూస్తాది. వేళ్లు నలగనిది దొరికితే, పిల్లలున్న ఇంటోల్లు వచ్చీదాకా ఇంకెవలూ కొనకుండా దాని మీదే కూకుంటాది."