మోత తగ్గిన పాట

“మళ్ళీ నా మీదే పడ్డాడు!” అంటూ తమ్ముడు పేపరు బల్ల మీదికి విసిరి, గోడవార కుర్చీలో కూలబడ్డాడు.

అక్క పేపరు తీసి పైకి చదివింది. “‘ఈ ముగ్గురి రాక్ బ్యాండు కొత్త ఆల్బమ్ మంచు కురిసినట్టుంది. ఆ గిలక్కాయ చప్పుడు కూడా లేకపోతే అమృతమే.’ బాగానే రాశాడుగా!”

“నాకు మిగిలిందే ఆ గిలక్కాయ కదక్కా!”

వాడి ఏడుపులో న్యాయం ఉంది. మొదటి ఆల్బమ్‌లో వాడు డ్రమ్స్ వాయిస్తే పిడుగులు పడ్డట్టుండేది. ‘శ్రోత’ అనే కలంపేరుతో రాసే ఈ విమర్శకుడు, ఆ మోతలో గాయని గొంతు మునిగిపోయిందన్నాడు. రెండో ఆల్బమ్‌కి డ్రమ్స్ దుప్పటి కిందికి వెళ్ళాయి, చిన్న డప్పు వచ్చింది. అప్పుడు అక్క మొగుడి కరెంటు గిటారు చెవిలో జోరీగలా ఉందన్నాడు. దాంతో మూడోసారి బావ మామూలు గిటారు, తమ్ముడు గిలక్కాయ పట్టారు, అక్క జోలపాటలా పాడింది. చిత్రమేమిటంటే, ఆయన చెప్పినట్టల్లా వింటుంటే జనం కూడా పెరిగారు.

“నేను వేరే బ్యాండులో చేరిపోతున్నా,” అన్నాడు తమ్ముడు.

చిన్నప్పుడు వాడు వంటింట్లో గిన్నెలు బోర్లించి వాయిస్తుంటేనే అక్కకు పాట వచ్చింది. వాడు లేని బ్యాండు ఆమెకు అక్కర్లేదు.

“తొందరపడకురా. ఆ పెద్దమనిషినే పిలుద్దాం,” అన్నాడు బావ. “డ్రమ్స్‌తో కొత్త పాట ఎదురుగా వింటే ఆయనే మెత్తబడతాడు.”

ఫోను చేస్తే పేపరు ఎడిటరు మొదట నసిగాడు. మర్నాడు తనే మళ్ళీ చేశాడు.

“ఒప్పుకున్నారండీ. ఆదివారం సాయంత్రం వస్తారట. మీ అడ్రసు చెప్పబోతే అక్కర్లేదన్నారు.”

“చూశారా, మన ఇల్లు ఎంత పేరు మోసిందో!” అని బావ మురిసిపోయాడు.

ఆదివారం డ్రమ్స్ మీది దుప్పటి లాగబోతూ తమ్ముడు ఆగాడు. “కింది వాటా మాస్టారికి ఇబ్బందేమో?”

“ఆయన దేవుడురా. మనం ఈ మేడ మీదికి వచ్చిన దగ్గర్నుంచి ఒక్క మాటన్నారా? మెట్ల దగ్గర కనబడితే ‘బాగా పాడుతున్నారమ్మా’ అని నవ్వేసి తప్పుకుంటారు. నువ్వు కానియ్.”

వాడు కానిచ్చాడు. ఇన్నాళ్ళ కసీ తీర్చుకున్నాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. బావ ఆగలేక కరెంటు గిటారు అందుకున్నాడు. అక్క గొంతెత్తి పాడుతూ, పాట మధ్యలోనే, “ఆ ‘శ్రోత’ తిట్టుకుంటే తిట్టుకోనీ! నువ్వు ఎక్కడికీ పోవట్లేదు, మనం ఇలాగే వాయిస్తున్నాం!” అని అరిచింది. తమ్ముడి మొహం వెలిగిపోయింది.

అంతలో కాలింగ్ బెల్ మోగింది.

“ఊరక రారు మహానుభావులు,” అంటూ బావ చొక్కా సర్దుకున్నాడు. అక్క చెదిరిన జుట్టు ముడేసుకుని వెళ్ళి తలుపు తీసింది.

చెవుల్లోంచి దూది తీసుకుంటూ, “ఆ ‘శ్రోత’ నేనేనమ్మా,” అన్నారు కింది వాటా మాస్టారు.