మగ్గం గుంతలో పాయరి

"తోతాపురి ఇయ్యి అన్నా," అంది గోదావరి. "మా నితిన్‌కు పచ్చిదే ఇష్టం. ఉప్పు కారం అద్దుకొని తింటడు."

కుంఠా నాకా దగ్గర మొక్కలమ్మే అంబాదాస్ ఆమె భర్త మల్లప్ప వైపు చూశాడు. మల్లప్ప తల వంచుకుని మామిడి మొక్కల మధ్య తిరుగుతున్నాడు.

నితిన్ వాళ్ళకు ఒక్కడే కొడుకు. భివండిలో పవర్‌లూమ్ పని దొరికిందని రైలెక్కాడు. కొన్నాళ్ళకు ఫోన్ ఆగిపోయింది. మల్లప్ప వెతుక్కుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చిన రోజు నేరుగా ఇంట్లోకి రాలేదు. పెరట్లోనే నిలబడి, కట్టుబట్టలతో నెత్తి మీద నీళ్ళు గుమ్మరించుకున్నాడు.

"రైల్ల అంత దుమ్ము," అన్నాడు. "వాన్ని ఎవలు చూడలేదంట. ఎటు పోయిండో. వస్తడు తియ్."

గోదావరి తువ్వాలు అందించింది. ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో మూడో పళ్ళెం పెట్టసాగింది.

వాళ్ళుండే దాజీ పేట్‌లో అందరికీ ఆ పళ్ళెం సంగతి తెలుసు. గోదావరి బీడీలు చుడుతూ తలుపు వైపే కూర్చునేది. గడియ పెట్టనిచ్చేది కాదు. పళ్ళెంలో అన్నం పొద్దున్నే గోడ మీద పెడితే కాకులు తినేవి.

"రాని మనిషికి పళ్ళెమేందక్కా?" అంది ఒకసారి పక్కింటి రూపాలి.

"రైలు లేటయితది గదనే," అంది గోదావరి, ఆకు కత్తిరిస్తూ.

పళ్ళెం తీయమని మల్లప్ప ఒక్కనాడూ అనలేదు.

నితిన్ పోయాక ఆ ఇంట్లోకి మామిడిపండు రాలేదు. "వాడు వచ్చినంకనే," అంది గోదావరి. చిన్నప్పుడు ఎవరి కాంపౌండ్‌లోనో కాయలు కోస్తూ దొరికిపోయి, మెలితిప్పిన చెవితో ఇంటికొచ్చాడు నితిన్. "మన ఇంట్లనే చెట్టు పెడదామే అమ్మా," అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇప్పుడు మొక్కకు వచ్చారు. అక్షయ తృతీయ నాడు పోయినవాళ్ళ పేరున తలా ఒక ముంత నీళ్ళు, దాని మీద ఒక మామిడిపండు పెడతారు పేటలో. వీళ్ళింట్లో రెండు ముంతలు, మల్లప్ప తల్లికొకటి, తండ్రికొకటి. ఈమధ్య వాటి మీద ఖర్బూజ ముక్కలే పెడుతున్నారు.

"మొక్కకు జాగ ఎంత ఉన్నది?" అడిగాడు అంబాదాస్.

"మా బాపు మగ్గం గుంత ఉన్నది పెరట్ల," అన్నాడు మల్లప్ప.

మగ్గం ఎప్పుడో పోయింది. పైకప్పు కూలింది. నేసేటప్పుడు కాళ్ళు వేలాడేసి చెక్కలు తొక్కే గుంత మాత్రం మిగిలింది. చిన్నప్పుడు నితిన్ దాక్కునేది అందులోనే. ఇప్పటికీ పొద్దుగూకే వేళ గుంతలో ఏదైనా కదిలితే గోదావరి చేతిలో బీడీ ఆగిపోతుంది. మల్లప్ప కూడా అటే చూస్తాడు.

"గట్లయితె ఆమ్రపాలి తీస్కో. గిడ్డ చెట్టు. హాపూస్ అడగకు, మన ఎండకు నఖ్రాలు చేస్తది."

"ఆమ్రపాలి ఎప్పుడు పండుతది?"

"వానలు పడ్డంక."

"వద్దు. అక్షయ తృతీయలోపల పండేది గావాలె."

"గంత తొందరేందన్నా?"

మల్లప్ప వంగి ఒక మొక్క మట్టి తడిమాడు. "అమ్మకు, బాపుకు పెట్టాలె. ఖర్బూజ పెట్టి పెట్టి సిగ్గయితుంది."

"మరి తోతాపురి గూడ లేటే. పాయరి తీస్కో, జల్ది పండుతది. గనీ పెద్దగ పెరుగుతది, ఏటా కొమ్మలు కొయ్యాలె." అంబాదాస్ గోదావరి వైపు తిరిగాడు. "ఏం వదినె, మరి నితిన్‌కు?"

గోదావరి పాయరి మొక్క ఆకును రెండు వేళ్ళతో పట్టుకుంది.

"పాయరి గూడ తింటడు," అంది. "అదే ఇయ్యి."

గుంత అడుగు గట్టిపడిపోయింది. మల్లప్ప గడ్డపారతో పొడుస్తుంటే ఒక గాజు గోలీ బయటికొచ్చింది. గోదావరి దాన్ని కొంగుతో తుడిచింది. మళ్ళీ గుంతలోనే పెట్టి, పైన మట్టి కప్పింది.

మొక్క నాటాక మొదటి ఏళ్ళలో వచ్చిన పూతను, చెట్టు బలపడాలని అంబాదాస్ చెప్పినట్టే గిల్లేశారు. ఆ తర్వాతి పూత నిలిచింది. గాలివానకు పిందెలు చాలా రాలాయి. మిగిలిన కొన్నింటినీ మల్లప్ప కార్ఖానాకు పోయే ముందు రోజూ వేలితో నొక్కి చూసేవాడు.

"గట్టిగనె ఉన్నయా?" అనేది గోదావరి.

"గట్టిగనె ఉన్నయి."

"పండుగలోపల పండుతయా?"

"పండాలె."

రూపాలి పచ్చడికి ఒక కాయ అడిగింది. ఎవరికీ లేదనని గోదావరి, లేదంది.

పండుగ దగ్గరపడుతుండగా ఒక కాయ పసుపు తిరిగింది. మిగతావి కోసి గడ్డిలో మాగబెట్టారు. ఇల్లంతా వాసన నిండింది. గోదావరి గడ్డి తీసి చూసి, మళ్ళీ కప్పింది.

పండుగ ముందు రోజు సాయంత్రం మల్లప్ప బజారు నుంచి సంచితో వచ్చాడు.

"ముంతలు తెచ్చిన. అమ్మకు, బాపుకు."

"మంచిది. మిగిలిన పండ్లు నితిన్‌కు దాస్త."

"దాయి. వస్తడు," అన్నాడు మల్లప్ప.

గోదావరి మూడో పళ్ళెం పెట్టింది. తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టకుండా వదిలేసింది.

తెల్లవారకముందే లేచి, తల్లికొకటి, తండ్రికొకటి, నితిన్‌కొకటి, మూడు ముంతలు చప్పుడు కాకుండా పట్టుకుని మల్లప్ప చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి, దాని మొదట్లో అప్పటికే మూడు ముంతలు నీళ్ళతో నిండి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో పాయరి పండుతో.