గురువారం ట్యాంకు

"నిండిపోయిందయ్యా హాలిస్, మళ్లీ నిండిపోయింది!"

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్లో ఇమోజిన్ గొంతు. హాలిస్ అప్పటికే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. సెప్టిక్ ట్యాంకు లారీ నడిపేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకని మాత్రం అడక్కండి.

మా అరిజోనా ఎడారిలో చలి మొదలైందంటే ఎక్కడెక్కడి పెద్దవాళ్లూ చక్రాల మీది ట్రైలరు ఇళ్లు బండి వెనక లాక్కుని వచ్చి దిగిపోతారు. రాళ్ల మధ్య ఎవరికి తోచిన చోట వాళ్లు ఆపుకుంటారు. కుళాయి ఉండదు, మురుగు కాలవ ఉండదు. ప్రతి ఇంటి అడుగునా ఒక ట్యాంకు. అది నిండితే హాలిస్ రావాలి, గొట్టం తగిలించి తోడిపారెయ్యాలి. లారీ చప్పుడు వినబడగానే జనం కిటికీలు బిగించుకుంటారు. పదకొండేళ్లుగా అతను చూసినవి మూసిన కిటికీలే. భార్య పోయి ఆరేళ్లయింది. కొన్ని వారాలు "నిండింది", "అయిపోయింది" అన్న రెండు మాటలు తప్ప మూడో మాట అతని నోట రాదు.

ఇమోజిన్ ఒక్కతే కిటికీ మూయలేదు. నవంబరులో మొదటిసారి వెళ్లినప్పుడు, "చేతులు శుభ్రంగా కడుక్కుని లోపలికి రా. కాఫీ చల్లారిపోతోంది" అంది. ఆ రోజు హాలిస్ ఇంటికెళ్లి, వంటగదిలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడకి డెబ్బై రెండేళ్లు, అయినా గోళ్లకి ఎప్పుడూ ఎర్ర రంగు వేసుకునే ఉంటుంది. నెబ్రాస్కాలో స్కూలు బస్సు నడిపి రిటైరైంది. వెనకా ముందూ ఎవరూ లేరు, ఒక్క మేనకోడలు తప్ప. ఒక్క మనిషికి ఆ ట్యాంకు నిండాలంటే నెల పడుతుంది. అలాంటిది వారం తిరిగేసరికి గోడ మీద ఎర్ర దీపం వెలిగిందని ఫోను. గోడ మీది మీట నొక్కి చూసినప్పుడు ఎర్ర దీపం వెలిగితే నిండినట్టు లెక్క.

"టార్చి వేసి లోపలికి చూశారా, ఇమోజిన్ గారూ?"

"ఈ నడుం వంగితే నీకెందుకు ఫోన్ చేస్తాను? నువ్వే వచ్చి దీపం చూసి పో."

"అక్కర్లేదు లెండి. మీ మాట చాలు" అనేవాడు గబగబా.

తోడటం అయ్యాక, "అబ్బో, అంచుదాకా ఉంది!" అని చెప్పేవాడు. ఆవిడ తల పట్టుకునేది. ఆ తర్వాత కాఫీ, మొక్కజొన్న రొట్టె, రెండు గంటల కబుర్లు.

చెయ్యని వైద్యం లేదు. అడుగున పేరుకున్నది కరగడానికి నీళ్లు ఎక్కువ పోయమన్నాడు, పోసింది. గిన్నెలు తోమే సబ్బు వెయ్యమన్నాడు, వేసింది. ఒక గురువారం మూడు బస్తాల ఐసు ముక్కలు ట్యాంకులో గుమ్మరించి, ట్రైలరును ఆవిడ బండికి తగిలించుకుని ఇద్దరూ గతుకుల దారి పట్టారు. ఐసు అటూ ఇటూ దొర్లి ట్యాంకు గోడల్ని గీకుతుందట. నలభై మైళ్లు తిరిగారు. దారి పొడుగునా ఆవిడ గొంతెత్తి పాడింది, ఒక్క రాగమూ సరిగ్గా రాదు. హాలిస్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. మరుసటి గురువారం మళ్లీ ఫోను.

ఇప్పుడు మార్చి నెల. ఈ రోజు కాఫీ పోస్తూ ఆవిడ నెమ్మదిగా అంది.

"మేనకోడలు ఫోన్ చేసింది. 'ట్యాంకే సరిగ్గా లేని కొంపలో ఒక్కదానివీ ఏం అవస్థపడతావత్తా, అమ్మేసి మా ఇంటికొచ్చెయ్' అంటోంది. కొనేవాడు రేపొస్తాడు."

హాలిస్ ఎత్తిన కప్పు మళ్లీ కింద పెట్టేశాడు.

"వెళ్లిపోతారా?"

"ఏం చెయ్యమంటావు? ఈ ట్యాంకుతో ఎన్నాళ్లని వేగను? నువ్వే చెప్పు."

ఆవిడ అతని మొహంలోకే చూస్తోంది. అతను కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. వెళ్లొద్దు అనాలని ఉంది. ఆ చిన్న మాట ఎంతకీ పెగల్లేదు.

"ఒక్క పది నిమిషాలు ఆగండి. కింద దూరి చూస్తాను. బాగైపోతుంది."

"నాలుగు నెలలుగా కానిది పది నిమిషాల్లో అవుతుందా?"

"అవుతుంది."



"అయితే ఇక వారం వారం రానక్కర్లేదన్నమాట."

"నెలకోసారి చాలు."

"ఊఁ" అని, సగం కూడా తాగని తన కప్పు తీసుకెళ్లి కడగడం మొదలుపెట్టింది.

హాలిస్ ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని ట్రైలరు కిందికి జరిగాడు. లోపం ఎక్కడుందో అతను వెతుక్కోనక్కర్లేదు. ట్యాంకు పక్కన రెండు తీగలుంటాయి. ఆ రెండూ తాకాయంటే చుక్క మురుగు లేకపోయినా మీట నొక్కినప్పుడల్లా ఎర్ర దీపం వెలుగుతుంది. మొదటి కాఫీ తాగిన రోజున, గొట్టం చూసే నెపంతో కిందికి దూరి, వాటిని కలిపి మెలేసింది అతనే. ప్రతి వారం పావు వంతు ట్యాంకు తోడి, అంచుదాకా ఉందని అబద్ధమాడిందీ అతనే. ఛీ, ఒంటరి మనిషిని ఇంత ఏడిపించానా అని సిగ్గేసింది. విడదీసేస్తే ఆవిడ ఉండిపోతుంది. గురువారాలు పోతే పోయాయి, నెలకొక్క కప్పు కాఫీ అయినా మిగులుతుంది.

పట్టకారు తీసి, టార్చి వెలిగించాడు.

రెండు తీగలూ విడివిడిగా, దేని చోట అది మర బిగించి ఉన్నాయి, ఆ మరలు ఊడిపోకుండా ఇమోజిన్ గోళ్లకి వేసుకునే ఎర్ర రంగు పూసి ఉంది, ఆ రంగు మీద చలికాలమంతటి దుమ్మూ పేరుకుని ఉంది.